నిరంకుశ రాచరికం – నిజాం రాజ్యం: బోధన్ చెఱకు సీమ సాక్ష్యం

నిరంకుశ రాచరికం అనగానే మన విద్యార్థులకు ఫ్రాన్సు దేశమూ, వెర్సాయ్ మేడలూ, పద్నాలుగవ లూయీ చక్రవర్తీ జ్ఞాపకం వస్తారు. పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం అక్కడ మొదలై 1789తో ముగుస్తుంది. విద్యార్థి పరీక్ష రాసి ఇంటికి పోతాడు. కాని ఆ ఇంటిలోని ముత్తాత బతికింది కూడా అటువంటి రాచరికం కిందనే అని అతనికి చెప్పేవారు తక్కువ. 1948 సెప్టెంబరు 17 దాకా హైదరాబాదు రాజ్యంలో చట్టమంటే ఫర్మానా. ఫర్మానా అంటే ఒక్క మనిషి సంతకం. అందుచేత యూరపు రాచరికాలను అర్థం చేసుకోవడానికి తెలంగాణ మనకు దగ్గరి పాఠశాల. తెలంగాణను అర్థం చేసుకోవడానికి యూరపు అనుభవం ఒక కొలబద్ద. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది పాత సంగతులు తిరగేసే సరదా కాదు. బోధన్, వర్ని, బాన్సువాడ ప్రాంతాలలో ఈనాడు ఎవరిని కదిపినా ఒక మాట వినపడుతుంది: "నిజాం సాగరు కట్టించినవాడు, షక్కర్ నగర్ ఫ్యాక్టరీ పెట్టించినవాడు ఎట్లా దుర్మార్గుడౌతాడు? ఆయన పెట్టిన ఫ్యాక్టరీని మన ప్రభుత్వాలు నిలుపుకోలేకపోయినాయి గదా!" 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతబడిన తర్వాత ఈ మాటకు మరింత బలం వచ్చింది. దీనికి సరిగ్గా ఎదురు తిరిగిన మాట మరొకటి ఉన్నది: నిజాం పాలన అంటే హిందువుల మీద ముస్లిముల పెత్తనమనీ, అంతకుమించి అందులో తెలుసుకోవలసినదేమీ లేదనీ. ఒకరు పొగిడినా, మరొకరు తిట్టినా ఇద్దరి దృష్టీ గద్దె మీది మనిషి దగ్గరనే ఆగిపోతున్నది. భూమి ఎవరిది, శిస్తు కట్టినదెవరు, వెట్టి చేసినదెవరు అన్న ప్రశ్నలు రెండు మాటల్లోనూ లేవు.

నా వాదన ఇది. నిరంకుశ రాచరికం కాలువలు తవ్వగలదు, కర్మాగారాలు పెట్టగలదు, పాత అధికారుల స్థానంలో జీతగాళ్ళను నియమించగలదు. ఇవన్నీ దాని స్వభావానికి మినహాయింపులు కావు. ఖజానా నిండడానికి అది చేయవలసిన పనులే. గ్రామంలో దొరకూ రైతుకూ మధ్య ఉన్న సంబంధాన్ని మాత్రం అది తెంచలేదు. ఎందుకంటే అది నిలబడింది ఆ సంబంధం మీదనే. ఈ సంగతికి బోధన్ చెఱకు సీమకంటె మంచి సాక్ష్యం నాకు కనపడలేదు.

1

ముందు యూరపు సంగతి చూద్దాం. సార్వభౌమాధికారం విభజనకు లొంగనిదనీ, రాజు చట్టానికి మూలమనీ ఫ్రెంచి న్యాయవేత్త జాన్ బొదే 1576లో ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఫ్రాన్సు సిద్ధాంతం ఆచరణలోకి రావడానికి ఇంకా ఎనభై ఐదేళ్ళు పట్టింది. 1661 మార్చిలో ప్రధానమంత్రి మజారిన్ చనిపోగానే ఇరవై రెండేళ్ళ లూయీ, ఇకమీదట తనకు ప్రధాని అక్కరలేదనీ, తానే ఆ పని చూసుకుంటాననీ ప్రకటించాడు. "రాజ్యమంటే నేనే" అన్నాడని చెప్పే మాటకు ఆధారం లేదు. కాని ఆ మాట అనకపోయినా ఆ పని చేశాడు. ప్రజల మూడు వర్గాల ప్రతినిధులు కూడే సభ 1614 తర్వాత 1789 వరకు ఒక్కమారు కూడా కూడలేదు. రాష్ట్రాలలో ప్రభువంశీయుల పెత్తనాన్ని అదుపులో పెట్టడానికి ఎంతాన్దాంట్లనే రాజోద్యోగులు వెళ్ళారు. కొల్బేర్ అనే మంత్రి ఖజానాను చక్కబరిచాడు. హాలండు నుంచి వాన్ రోబే అనే బట్టల వ్యాపారిని పిలిపించి 1665లో అబ్బెవీల్ లో రాజు అండతో మిల్లు పెట్టించాడు. 1666 నుంచి 1681 దాకా మధ్యధరా సముద్రం వైపు నుంచి తూలూజ్ వరకు గొప్ప కాలువ తవ్వారు. ఆ పనికి పూనుకున్న రికే అనే ఆయన ఉప్పు పన్ను వసూలు గుత్తకు తీసుకున్నవాడు. ఉప్పు కొనే పేదవాని డబ్బుకూ ఆ కాలువకూ ఉన్న చుట్టరికం ఇక్కడనే కనపడుతున్నది.

ఇంత చేసిన రాచరికం ప్రభువర్గాన్ని ఏం చేసింది? వెర్సాయ్ కి రప్పించి దర్బారు మర్యాదలలో కూర్చోబెట్టింది, పింఛన్లు ఇచ్చింది. తాయ్ అనే ప్రధానమైన పన్నునుండి వారికి మినహాయింపు అలాగే ఉంచింది. ఆ పన్ను మోసింది రైతు. 1675లో బ్రిటనీ రైతులు ముద్ర కాగితాల పన్ను మీద తిరగబడితే రాజు సైన్యమూ, ప్రభువులూ కలిసే అణచివేశారు. 1738లో రాజమార్గాలు వేయడానికి రైతుల చేత కూలి లేని చాకిరీని దేశమంతటా విధిగా చేశారు. మంత్రి త్యుర్గో 1776లో ఆ చాకిరీని రద్దు చేశాడు; అదే సంవత్సరం ఆయన పదవీ పోయింది, చాకిరీ తిరిగి వచ్చింది. వెట్టి అనే మాట తెలిసిన మనకు ఈ కథ కొత్తగా తోచదు.

ఈ రాచరికపు వర్గ స్వభావాన్ని గురించి మార్క్సిస్టులలోనే చర్చ ఉన్నది. ఎంగెల్స్ 1884లో, పదిహేడు పద్ధెనిమిది శతాబ్దాల రాచరికం ప్రభువర్గాన్నీ, ఎదుగుతున్న బూర్జువా వర్గాన్నీ త్రాసులో ఉంచి కొంత స్వతంత్రత సంపాదించుకున్నదని అన్నాడు. సోవియట్ చరిత్రకారుడు పోర్ష్నెవ్ 1948లో ఫ్రెంచి రైతు తిరుగుబాట్ల మీద గ్రంథం ప్రచురించి, ఆ రాజ్యం మౌలికంగా ఫ్యూడల్ వర్గానిదేనని వాదించాడు. ఫ్రెంచి చరిత్రకారుడు మూనియే దానిని ఖండించాడు. పెర్రీ ఆండర్సన్ 1974లో ఆ చర్చను ముందుకు తెచ్చి, నిరంకుశ రాచరికం కొత్త పరిస్థితులలో పునర్వ్యవస్థీకరించిన ఫ్యూడల్ అధికారయంత్రమే అన్నాడు. పాత ప్రభువు తన ఊరి బలంతో రైతును లొంగదీయలేనప్పుడు ఆ పని పెద్ద ఎత్తున చేసిపెట్టడానికి రాజు కావలసివచ్చాడు.

తూర్పు యూరపులో ఈ నిజం మరింత బట్టబయలు. బ్రాండెన్ బర్గ్ పాలకుడు 1653లో భూస్వాములైన యుంకర్లతో ఒక ఒప్పందం చేసుకున్నాడు: వారు సైన్యానికి డబ్బు మంజూరు చేయాలి, ఆయన వారి రైతుల మీద వారి పెత్తనాన్ని ఖాయం చేయాలి. ప్రష్యా మహాసైన్యం పుట్టింది ఈ బేరంలోనే. రష్యాలో 1649 నాటి చట్టం రైతును భూమికి శాశ్వతంగా కట్టివేసింది. ఆధునికుడని పేరుబడ్డ పీటర్ చక్రవర్తి 1721లో కర్మాగారాల యజమానులు గ్రామాలను, అందులోని మనుషులతో సహా, కొనుక్కోవచ్చునన్నాడు. అంటే పైన ఫ్యాక్టరీ, కింద అర్థబానిసత్వం. ఈ రెండూ ఒకే రాజు కింద ఒకే కాలంలో ఉండగలవని తూర్పు యూరపు చూపించింది. హైదరాబాదు రాజ్యాన్ని పోల్చవలసింది పారిస్ తో కంటె ఈ దేశాలతోనే అని నా అభిప్రాయం.

2

ఆసఫ్ జాహీ రాజ్యం 1724లో మొదలైంది. 1798 నాటి సైన్య సహకార సంధితో అది ఇంగ్లీషు కంపెనీ చేతికి చిక్కింది. తన భూమి మీద నిలిపిన పరాయి సైన్యానికి తానే జీతాలు చెల్లించి అప్పులపాలై, చివరకు 1853లో బీరారును కంపెనీకి అప్పగించవలసివచ్చింది. చందూలాల్ పెత్తనం సాగిన 1843 వరకూ, ఆ తర్వాత కొంతకాలమూ, శిస్తు వసూలు గుత్తేదార్ల పాలు. ముందు సొమ్ము చెల్లించిన షాహుకారు, సిపాయిలను పెట్టుకున్న జమేదారు తాలూకాలను గుత్తకు పట్టి రైతును పిండుకున్నారు.

1853 నుంచి 1883 దాకా దివానుగా ఉన్న మొదటి సాలార్ జంగ్ ఈ గుత్తలు రద్దు చేశాడు. 1865లో జిలాబందీ అమలులో పెట్టి జిల్లాలు ఏర్పరచి, జీతం తీసుకునే తాలూక్ దార్లను నియమించాడు. ఇందూరు జిల్లా ఆ ఏర్పాటులోనిదే. నేటి నిజామాబాదు దాని వారసురాలు. లూయీ కాలపు ఎంతాన్దాంట్ల వలెనే ఈ తాలూక్ దారు కూడా రాజధానికి జవాబుదారీ అయిన ఉద్యోగి. ఇంతవరకు ఇది అభివృద్ధికరమైన మార్పు అని ఒప్పుకోవలసిందే.

కాని ఆ సంస్కరణ రెండవ ముఖం చూడాలి. అంతకుముందు శిస్తు వసూలు చేసిన దేశ్ ముఖులు, దేశ్ పాండ్యాలు వసూలు హక్కు పోగొట్టుకున్నందుకు వతనులూ, నష్టపరిహారపు రుసుములూ పొందారు. లెక్కలు, దస్తావేజులు వారి చేతిలోనే ఉన్నవి. సర్వే బందోబస్తు జరిగినప్పుడు మంచి భూములు వారి పేర పట్టా అయినవి. తరతరాలుగా దున్నుకొంటున్న రైతు చాలాచోట్ల ఏ హక్కూ లేని కౌలుదారుగా మిగిలిపోయాడు. మొన్నటిదాకా శిస్తులో వాటాదారు అయిన దేశ్ ముఖు ఇప్పుడు భూమికే యజమాని అయ్యాడు. పాత అధికారం తగ్గించబోయిన సంస్కరణ కొత్త ఆస్తిని సృష్టించింది. బ్రాండెన్ బర్గ్ బేరానికీ దీనికీ తేడా ఒక్కటే: అక్కడ ఒప్పందం కాగితం మీద రాసుకున్నారు, ఇక్కడ పట్వారీ దస్త్రంలో రాసుకున్నారు.

పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో వెలువరించిన తెలంగాణ పోరాట గ్రంథంలో ఇచ్చిన లెక్క ఈ నిర్మాణాన్ని స్పష్టం చేస్తుంది. రాజ్యంలోని సుమారు 5 కోట్ల 30 లక్షల ఎకరాలలో 60 వంతులు, అంటే దాదాపు 3 కోట్ల ఎకరాలు, ప్రభుత్వపు దివానీ ప్రాంతం. కోటిన్నర ఎకరాలు, అంటే నూటికి 30 వంతులు, జాగీరుల కింద. మిగిలిన నూటికి పది వంతులు సర్ఫెఖాస్, నిజాం సొంత ఎస్టేటు. ఆ సొంత ఎస్టేటు నుండి ఏటా 2 కోట్ల రూపాయలు ఆయన కుటుంబ ఖర్చులకే పోయేవి. అది చాలక రాజ్య ఖజానా నుండి మరొక 70 లక్షలు. అంటే రాజు స్వయంగా ఆ రాజ్యంలో అందరికంటె పెద్ద భూస్వామి. అటువంటి రాజు భూస్వామ్యానికి శత్రువు కావాలని కోరడం, ఎలుగుబంటిని తేనెపట్టుకు కాపలా పెట్టడం వంటిది.

జాగీర్ దార్ల కింద, పాయిగాల కింద ఎన్నో గ్రామాలు ఉండేవి. పెద్ద జాగీరులలో పోలీసూ, న్యాయస్థానాలూ కూడా వారివే. మన జిల్లాలోనే దోమకొండ, సిర్నాపల్లి సంస్థానాలు ఉండేవి. దివానీ గ్రామంలో మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ అనే మువ్వురి పెత్తనం దొర గడీతో ముడిపడి ఉండేది. వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు రాకపోలేదు. వాటిని అమలు చేయవలసిన పటేలు దొర వాకిట చేతులు కట్టుకుని నిలబడే మనిషి. కాబట్టి ఫర్మానా గెజెట్టులో మిగిలింది, వెట్టి ఊరిలో మిగిలింది.

3

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు. 1914లో దివాను మూడవ సాలార్ జంగ్ ను తప్పించి, దివాను పని తానే చేపట్టాడు. 1661 నాటి లూయీతో పోలిక ఇక్కడ కొట్టవచ్చినట్లు కనపడుతున్నది. ఐదేళ్ళ తర్వాత, 1919 నవంబరులో, సర్ అలీ ఇమాం అధ్యక్షుడుగా బాబె హుకూమత్ అనే కార్యనిర్వాహక మండలిని ఏర్పాటు చేసినా ఆ మండలి జవాబుదారీ ప్రజలకు కాదు, ప్రభువుకే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. రాజ్య జనాభాలో ఇంచుమించు సగం మంది భాష తెలుగు అయినా బోధన ఉర్దూలోనే. అనుమతి లేనిదే సభలు జరపరాదని 1929లో గస్తీ నిషాన్ 53 వచ్చింది. 1938లో స్టేట్ కాంగ్రెసును పుట్టకముందే నిషేధించారు.

రాజ్యాంగ సంస్కరణల కోసం వేసిన అరవముదు అయ్యంగారు సంఘం నివేదిక మీద 1939లో ప్రకటించిన సంస్కరణలలో ఒక సిద్ధాంతం ఉన్నది. రాజ్యాధిపతి స్వయంగా ప్రజలకు ప్రతినిధి, వచ్చిపోయే ఎన్నికైన సభ్యులకంటె ప్రజలతో ఆయన బంధం సహజమైనది, శాశ్వతమైనది అని దాని తాత్పర్యం. లూయీ అన్నాడో లేదో తెలియని మాటను హైదరాబాదు ప్రభుత్వం ఇరవయ్యవ శతాబ్దంలో అధికార పత్రంలో ప్రకటించుకున్నది! అప్పటికి ఫ్రెంచి విప్లవం జరిగి నూటయాభై ఏళ్ళు.

అయితే యూరపు రాజుకు లేని ఒక సంకెల ఈ రాజుకు ఉన్నది. బీరారును తిరిగి ఇమ్మని వాదిస్తూ, తాను బ్రిటిషు ప్రభుత్వంతో సమానుడనన్న ధోరణిలో నిజాం రాసినప్పుడు వైస్రాయి లార్డ్ రీడింగ్ 1926 మార్చి 27న జవాబిచ్చాడు: భారతదేశంలో బ్రిటిషు కిరీటానిదే సర్వోన్నతాధికారం, ఏ సంస్థానాధీశుడూ సమాన స్థాయిలో బేరమాడజాలడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సామ్రాజ్యానికి కోట్లు ధారపోసి "విశ్వాసపాత్రుడైన మిత్రుడు" అన్న బిరుదు పొందిన మనిషికి దక్కిన మర్యాద ఇది. పైన రెసిడెంటు, సికింద్రాబాదులో కంటోన్మెంటు, కింద దేశ్ ముఖు, జాగీర్ దారు, మధ్య సింహాసనం. ప్రజల మీద నిరంకుశుడైన రాజు సామ్రాజ్యం ముందు తాబేదారు. యూరపు రాచరికం తన దేశంలో స్వతంత్ర రాజ్యయంత్రాన్ని నిర్మించి, తెలియకుండానే బూర్జువా వర్గానికి దారి వేసింది. ఇక్కడ సామ్రాజ్యపు తుపాకులు రాజుకు కాపలా కాస్తున్నంతకాలం, ఆయన ఏ కొత్త వర్గంతోనూ పొత్తు కలపవలసిన అవసరమే రాలేదు.

4

ఇప్పుడు బోధన్ కు వద్దాం. మంజీరా మీద, అచ్చంపేట దగ్గర, 1923లో మొదలుపెట్టి 1931 నాటికి నిజాం సాగరు పూర్తి చేశారు. నిర్మాణానికి బాధ్యుడు చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని లెక్క. ఆ రోజులలో అది గొప్ప ఇంజనీరింగు విజయం. ఆ ఇంజనీర్ల నైపుణ్యాన్నీ, రాళ్ళెత్తిన కూలీల శ్రమనూ తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాలువ రాకముందు వానకూ చెరువుకూ మొక్కుకున్న పల్లెలు కాలువ వచ్చాక వరి, చెఱకు పండించాయి. ఇది నిజం.

కాని "ఎవరు కట్టించారు?" అన్న ప్రశ్నకు "నిజాం" అనే జవాబు సగం జవాబే. ఖజానాలోకి డబ్బు వచ్చిన దారులలో మొదటిది భూమి శిస్తు. దాని తర్వాత పెద్దది అబ్కారీ, అంటే కల్లు, సారా మీద వచ్చే ఆదాయం. ఎండలో దున్నినవాడు శిస్తు కట్టాడు. సాయంత్రం కల్లు తాగి మళ్ళీ కట్టాడు. ఆ డబ్బు ఆనకట్ట అయింది. ఫ్రాన్సులో ఉప్పు చేసిన పనిని ఇక్కడ ఈతచెట్టు చేసింది. ఇక సర్ఫెఖాస్ ఆదాయం, రాజ్యానికి నిజంగా సొంత సొమ్ము అనదగినది, నవాబు కుటుంబానికే. కావున నిజాం సాగరు ప్రజల సొమ్ముతో ప్రజలు కట్టుకున్నది. పేరు మాత్రం పాలకునిది.

రెండవ ప్రశ్న: నీరు ఎవరి పొలానికి పారింది? కాలువ భూమి హక్కులను చూసి పారదు, పల్లాన్ని చూసి పారుతుంది. కాని దాని ఫలం మాత్రం హక్కులను చూసే చేరుతుంది. ఆయకట్టు కింద భూమి విలువ పెరిగింది. పట్టాలు ఎవరి పేర ఉన్నవో వారు లాభపడ్డారు. కోస్తా జిల్లాల నుంచి కాలువ వ్యవసాయంలో ఆరితేరిన రైతులు వచ్చి భూములు కొన్నారు. వారు వెలయించిన ఊళ్ళు ఈనాటికీ క్యాంపులనే పేరుతో పిలవబడుతున్నవి. వారు కష్టజీవులు, కొత్త పద్ధతులు తెచ్చారు. కాని కొనడానికి డబ్బు లేని స్థానిక కౌలుదారూ, దళిత వ్యవసాయ కూలీ ఆ కాలువ గట్టున నిలబడి చూసినవారే. రాజ్యం నీటిని మళ్ళించింది; భూమిని మళ్ళించలేదు.

ఈ ప్రాంతపు పాత పదమొకటి ఉన్నది: భగేలా. పెళ్ళికో, కరువుకో దొర దగ్గర అప్పు తీసుకుని, ఆ అప్పు కింద ఏళ్ళ తరబడి, ఒక్కొక్కసారి తండ్రి తర్వాత కొడుకు కూడా, జీతగాడుగా కట్టుబడి ఉండడమే భగేలా. ప్రభుత్వమే దీనిని అదుపు చేయడానికి 1936లో ఒక శాసనం చేసింది. నిజాం సాగరు పూర్తయి అప్పటికి ఐదేళ్ళు. అంటే సిమెంటు తూములు, కొలతల గేట్లు ఉన్న కాలువ పక్కననే అప్పుకు అమ్ముడుపోయిన మనిషి అరక తోలుతున్నాడు. ఆధునిక యంత్రమూ, మధ్యయుగపు బంధమూ ఒక్క చేనులో ఇమిడిపోయినవి. పీటర్ చక్రవర్తి కర్మాగారాలను నేను పైన ప్రస్తావించింది ఇందుకే.

మూడవది చక్కెర. 1932లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వం విదేశీ చక్కెర మీద రక్షణ సుంకం వేయగానే దేశమంతటా చక్కెర మిల్లులు పుట్టుకొచ్చాయి. హైదరాబాదు ప్రభుత్వం 1929లోనే పారిశ్రామిక ట్రస్టు నిధి ఏర్పరచి ఉన్నది. కాలువ నీళ్ళు సిద్ధం, నిధి సిద్ధం, బజారు సిద్ధం. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీగా ఏర్పడింది. బోధన్ పక్కన షక్కర్ నగర్ వెలిసింది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు పొందింది. ఇందులో కొల్బేర్ పద్ధతి స్పష్టంగా కనపడుతున్నది: రాజ్యం మూలధనమూ, రాజ్యం రక్షణా, రాజ్యం పేరూ. కర్మాగారానికి సొంతంగా వేలాది ఎకరాల చెఱకు తోటలు ఉండేవి. అక్కడ పనిచేసినవాడు దొర పాలేరు కాడు, కంపెనీ కూలి. చిన్న తేడా అనిపించవచ్చు. చరిత్రలో చాలా పెద్ద తేడా. నెలకు జీతం అందుకునే మనిషి, పక్క మనిషితో కలిసి యంత్రం ఆపగల మనిషి, నిజామాబాదు జిల్లాలో మొదటిసారి పెద్ద సంఖ్యలో కనపడింది అక్కడనే. రాజ్యం కోరకుండానే తనకు ఎదురు తిరగగల వర్గాన్ని తన డబ్బుతోనే సమకూర్చింది. 1946లో మఖ్దూం మొహియుద్దీన్ నాయకత్వాన రాజ్యమంతటికీ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ ఏర్పడే నాటికి ఆ వర్గం ఒక రాజకీయ శక్తి.

కంపెనీ పుట్టిన 1937లోనే ఆరవ ఆంధ్ర మహాసభ మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగింది. ఒకే ఏడు, ఒకే జిల్లా. ఒకచోట రాజ్యం చిమ్నీ లేపుతున్నది. మరొకచోట ప్రజలు మాట్లాడే హక్కు కోసం గుమికూడుతున్నారు. నిజాం సాగరును మెచ్చుకునే మిత్రులు ఈ రెండవ సంగతిని కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి.

5

ఇక మతం మాట. జాగీర్ దార్లలో ముస్లిములు ఎక్కువ, ఉన్నతోద్యోగాలలోనూ వారిదే పైచేయి, నిజమే. పల్లెను పిండిన దేశ్ ముఖులలో ఎక్కువమంది రెడ్లు, వెలమలు, బ్రాహ్మణులు. విసునూరు దేశ్ ముఖు రామచంద్రారెడ్డి కింద జనగామ తాలూకాలో 40,000 ఎకరాలు ఉండేవని సుందరయ్యగారి లెక్క. ఆ విసునూరు దొరతో భూమి కోసం కోర్టుకెక్కి, గెలిచి, హత్యకు గురైన కామారెడ్డిగూడెం రైతు పేరు షేక్ బందగీ. "మా భూమి" నాటకానికి ఆ కథే ప్రేరణ. 1948 ఆగస్టులో రజాకార్లను ఎదిరించి రాసినందుకు ప్రాణం పోగొట్టుకున్న "ఇమ్రోజ్" సంపాదకుడు షోయబుల్లా ఖాన్. దొర హిందువు, రైతు ముస్లిం. రాజు ముస్లిం, అతనిని ఎదిరించిన కవి మఖ్దూం కూడా ముస్లిమే. ఈ వాస్తవాలను ఏ మత సిద్ధాంతంలో ఇమడ్చగలం?

కూలిపోబోయే రాచరికం మతాన్ని ఆయుధంగా పట్టుకోవడం నిజాంతో పుట్టిన విద్య కాదు. లూయీ 1685లో ప్రొటెస్టెంట్లకిచ్చిన మత స్వేచ్ఛను రద్దు చేసి లక్షల మందిని దేశం విడిచి పారిపోయేటట్లు చేశాడు. హైదరాబాదులో 1947–48లో రజాకార్ల దళాలు గ్రామాల మీద పడ్డప్పుడు, అదే ఆయుధాన్ని చివరి గడియలో దూశారు. రజాకార్ల దురాగతాలను ఎవరూ మరువరాదు. వాటిని మరువకుండానే, వారి వెంట నడిచిన హిందూ దేశ్ ముఖులను కూడా మరువకుండా ఉండడమే చరిత్రకారుని బాధ్యత. ఆ రోజులలో నిజామాబాదు కోటలోని జైలులో దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలు. దాశరథి అక్కడి గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఆ పద్యాల కోపం ఒక మతం మీద కాదు, ఒక రాజ్యం మీద.

6

ఈ రాజ్యాన్ని కదిలించింది ఎవరు? 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత రైతులు గడీల మీదికి కదిలారు. వెట్టి ఆగిన ఊళ్ళలో అది ఫర్మానా వల్ల ఆగలేదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు.

తర్వాత జరిగిన పరిష్కారాన్ని కూడా కొలబద్దతో కొలవాలి. ఫ్రాన్సులో 1789 ఆగస్టు 4 రాత్రి ఫ్యూడల్ హక్కులు రద్దు చేసినప్పుడు, చాలావాటికి రైతు పరిహారం చెల్లించాలన్నారు. రైతులు చెల్లించ నిరాకరించి తిరగబడగా 1793 జులైలో పరిహారం లేకుండానే రద్దు చేశారు; రాజు తల అప్పటికే పోయింది. హైదరాబాదులో సర్ఫెఖాస్ ను 1949లో ప్రభుత్వంలో కలిపారు, అదే ఏడు ఆగస్టులో జాగీరులు రద్దు చేశారు, 1950లో కౌలుదారీ చట్టం తెచ్చారు. ఇవి పోరాటం ఫలాలే. కాని జాగీర్ దార్లకు పరిహారం. నిజాంకు సాలుకు 50 లక్షల రాజభరణం, దానికి తోడు సర్ఫెఖాస్ కు పరిహారంగా 25 లక్షలు. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్ పదవి. రాజభరణాలు రద్దయింది 1971లో. మన విప్లవం 1789 దాటింది, 1793 దాకా పోలేదు.

ఇక షక్కర్ నగర్. రాజు పోయాక ఫ్యాక్టరీ ప్రజల ప్రభుత్వానిదైంది. 2002లో ప్రభుత్వం అందులో 51 వంతుల వాటాను ప్రైవేటు భాగస్వామికి అప్పగించింది. 2015లో అది మూతబడింది. చెఱకు రైతు వేరే పంటకు మళ్ళాడు, కార్మికుడు వీధిన పడ్డాడు. ఈ దుఃఖం నిజమైనది. కాని ఈ దుఃఖంలో నుంచి "ఆ నవాబే నయం" అన్న మాట పుడితే, ఆ మాటను ఓపికగా విడదీసి చూపాలి. ఫ్యాక్టరీ పెట్టేటప్పుడు 1937లో చెఱకు రైతునూ, కూలీనీ ఎవరూ అడగలేదు. అమ్మేటప్పుడు 2002లో నిర్ణయం వారి చేతిలో లేదు. మూసేటప్పుడు 2015లో కూడా లేదు. పెట్టినది ఫర్మానా, అమ్మినది ఉత్తరువు. కింది మనిషికి రెండూ పైనుంచి దిగిన కాగితాలే. గద్దె పోయినా ఆ అలవాటు పోలేదు. మనం బాధపడవలసింది నవాబు పోయినందుకు కాదు, నవాబు పద్ధతి పూర్తిగా పోనందుకు.

కాబట్టి విద్యార్థి మిత్రులకూ, తోటి ఉపాధ్యాయులకూ నా మనవి. నిరంకుశ రాచరికం పాఠం చెప్పేటప్పుడు వెర్సాయ్ తో ఆపకండి. తరగతిని నిజాం సాగరు కాలువ గట్టు మీదికి తీసుకుపొండి. పాత పట్టాలు ఎవరి పేర ఉండేవో, కాలువ వచ్చిన తర్వాత ఎవరి పేరకు మారినవో, ఇంట్లో ఏ ముసలమ్మ వెట్టి చూసిందో అడిగి రాసుకోమనండి. రాజుల గొప్పతనం మీద వచ్చే ప్రతి కథకూ మూడు ప్రశ్నలు వేయడం నేర్పండి: డబ్బు ఎవరిది? చాకిరీ ఎవరిది? పని పూర్తయ్యాక భూమి ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన విద్యార్థిని నవాబు భక్తులూ మోసగించలేరు, మత ద్వేషులూ మోసగించలేరు.